మావారిని ఇక ఇంటికి పంపవలెనని

వన్యప్రాణి సంరక్షణ శాఖ ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పదవీ విరమణ చేయనున్న తమ శాఖ ఇన్‌స్పెక్టరుపై గల మెమోను రద్దుపరచుట గురించి, మరియు ఆయన సర్వీసును పొడిగించకుండుట గురించి.

సదరు ఇన్‌స్పెక్టరు భార్యనైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఇంటివద్దనే కుట్టుమిషను పెట్టుకుని తమ శాఖవారి యూనిఫారాలు కుట్టుచున్నాను. మావారి సర్వీసు రిజిస్టరు తమ బీరువాలో ఉన్నది. ఆయన చిరుగులు నా బుట్టలో ఉన్నవి. ఏ మోకాలు ఏ బండమీద పోయిందో, ఏ చెయ్యి ఏ ముళ్ళకంపకు పట్టుకుందో రిజిస్టరులో ఉండదు గనుక తెలియజేయు భారం నాపై పడినది.

2. స్వాధీనపరచుకున్న జంతువులను ఉంచుటకు శాఖకు చోటు లేనందున, మా స్నానాలగదియే ఏళ్ళ తరబడి ఆ చోటుగా వ్యవహరించినది. నీటికుక్క పిల్లలు అందులో ఉన్న రోజుల్లో మా అమ్మాయి పక్కింట్లో నీళ్ళు పోసుకుని పరీక్షకు వెళ్ళింది. "నాన్నా, వాటికి నా సబ్బు కూడా ఇచ్చేయమంటారా?" అని అది ఒళ్ళు మండి అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి "వద్దమ్మా, ఒంటిమీద జిడ్డు పోతే వాటికి చలేస్తుంది" అన్నారు. ఆయనకు ఎత్తిపొడుపు అర్థం కాదు. ఈ ఫిర్యాదుపై ఎట్టి చర్యయు కోరుట లేదు. చెప్పుకుంటే బరువు తగ్గునని చెప్పితిని.

3. మెమో సంగతి. రెల్లు మడుగుల్లో వలలు పన్ని నీటిపక్షులను పట్టి అమ్మువాడొకడు కలడు. అందరూ వాడిని వలరాజు అంటారు. అందగాడని కాదు, ఊళ్ళోకెల్లా ఎక్కువ వలలు వాడివని. ఒకనాటి ఉదయం మావారు వాడి మనుషులకు మడుగులో ఎదురుపడినారు. తోడు వెళ్ళవలసిన సిబ్బందిని ఆ రోజు ఎవరో పెద్దల విహారానికి పడవలు నడపడానికి పంపియుండిరి. తెడ్డుతో కొట్టగా మావారి భుజపుటెముక విరిగినది. అయినా పక్షుల గోతాన్ని వదలలేదు. వాళ్ళు పడవెక్కి పారిపోయారు. ఆయన ఒడ్డున బురదలో కూలబడి, పనిచేస్తున్న ఒక్క చేత్తోనే రెక్కల కట్లు ఒకటొకటిగా విప్పి, పక్షులన్నిటినీ వదిలిపెట్టి, ఆ తర్వాత ఆసుపత్రికి నడిచివెళ్ళారు.

కేసు ఏళ్ళు నడిచింది. చివరికి వలరాజు వకీలు "సొత్తు ఏదండీ?" అని అడిగాడు.

"ఎగిరిపోయిందండి" అన్నారు మావారు.

కోర్టంతా నవ్వింది. కేసు కొట్టేశారు. గోరుచుట్టుపై రోకటిపోటులా, అనుమతి లేకుండా సాక్ష్యాన్ని వదిలివేసినందుకు శాఖవారు మెమో ఇచ్చారు. దానితో ప్రమోషను ఆగిపోయి, ఆయన తర్వాత ఉద్యోగంలో చేరినవారు ఆయనకు పైఅధికారులైనారు. ఆయన వారికి సెల్యూట్ కొట్టినారు. కేసు కొట్టేసిన రోజు కోర్టునుంచి వస్తూ బస్సులో నేను ఆగలేక అడిగాను: "ఒక్కటంటే ఒక్కటి సాక్ష్యానికి ఉంచుకుంటే ఏం పోయేది?"

ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఏదాన్ని ఉంచను?" అన్నారు.

 

4. ప్రస్తుతము తమ కార్యాలయంలో ఆయనకు వీడ్కోలు సభ ఏర్పాటగుచున్నదనియు, ఆ మడుగులకు రావడానికి ఎవరూ ఒప్పుకోనందున ఆయననే ఇంకొక ఏడాది ఉంచుటకు కాగితాలు కదులుచున్నవనియు తెలిసినది. దండ వేసే మెడకే మళ్ళీ కాడి కట్టడమేమిటో నాకు బోధపడలేదు. ఆయన్ని అడిగితే "ఇంకొక్క ఏడాదేగా" అంటున్నారు.

"మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటున్నారు. పడవెలా ఎక్కుతారండీ?" అన్నాను.

"పడవ దగ్గర మెట్లుండవుగా" అన్నారు.

అయ్యా, వలరాజు తన వలలు కొడుకుకు అప్పగించి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. దొంగకు దొరికిన విశ్రాంతి దొరకు దొరకరాదా?

కావున తమరు దయయుంచి (అ) సభకు ముందే సదరు మెమోను రద్దుచేసి, ఆ ముక్క సభలో నలుగురూ వినేలా చదివించవలెననియు, (ఆ) పొడిగింపు కాగితాలను అంతటితో ఆపించి, ఆయనను ఇంటికి పంపవలెననియు ప్రార్థన. కుట్టుపని చేసే చెయ్యి గనుక రాత వంకరపోయి ఉండును. విషయమును మాత్రము తిన్నగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఇన్‌స్పెక్టరు భార్య

తా.క.: ఆయనకు తెలియకుండా పంపడం మనసొప్పక ఇది ఆయన చేతికిచ్చాను. నిలబడే చదివారు. మొదటి కోరిక కొట్టేయమన్నారు.

"మెమో తీసేస్తే దానికి నేనిచ్చిన సంజాయిషీ కూడా తీసేస్తారు. అది ఉండాలి. నా తర్వాత వచ్చేవాళ్ళు చదువుకోవాలి" అన్నారు.

"అంత ఏం రాశారు?" అన్నాను. ఇన్నేళ్ళూ నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

"పక్షులు గోతంలో చస్తున్నాయి, అనుమతి వచ్చేదాకా ఆగలేవు, మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే మళ్ళీ వదులుతాను అని."

కనుక (అ) కొట్టివేయడమైనది. (ఆ)ను మాత్రం కొట్టేయమనలేదు. కాగితం నాకిచ్చి, బూట్లు విప్పి, నా మిషను ఎదుట పీట వాల్చుకుని కూర్చున్నారు. పట్టపగలు ఆయన ఇంట్లో అలా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. వాకిలిలోంచి పడుతున్న వెలుగు చూసి, "మనింట్లోకి ఇంత ఎండ వస్తుందా?" అన్నారు.

"రోజూ వస్తుందండీ" అన్నాను.