కాలు ఊపిన నేరం

అయ్యా,

విషయం: నా కొడుకు కాలు ఊపుట, నా మనవరాలు నిద్రపోవుట అను రెండు నేరముల గురించి.

కుటుంబ న్యాయస్థానం జడ్జిగారికి, చదువురాని ముసలిదాన్ని, కోర్టు గేటు దగ్గర టైపిస్టు చేత కొట్టించి పంపుకుంటున్న మనవి ఏమనగా:

1. నా కొడుకు దర్జీ. వాడూ నా కోడలూ విడిపోయి తమ కోర్టులో ఉన్నారు. పిల్ల తల్లి దగ్గర ఉంటున్నది. తమ ఆర్డరు ప్రకారం సదరు తండ్రి వారానికి ఒక్క గంట, కోర్టులోని పిల్లల గదిలో, కౌన్సెలర్ గారి కళ్లెదుట కూతుర్ని చూసుకోవలెను. ఆ గదిలో చెవి ఊడిన కుందేలు బొమ్మ, చక్రాలు లేని కారు ఉన్నాయి. నేను కేసులో పార్టీని కాను గనుక లోపలికి రాకూడదట. నానమ్మనైతే చాలదట. అందుచేత తలుపు అద్దంలోంచి చూశాను.

2. కౌన్సెలర్ గారి రిపోర్టు మా లాయరు చదివి వినిపించాడు. ‘తండ్రి గంటసేపూ కాలు ఊపుతూ అసహనంగా ఉన్నాడు. పిల్ల తండ్రిపై ఆసక్తి చూపక నిద్రపోయినది. లేపి ప్రశ్నించగా పొంతన లేని మాటలు చెప్పినది. కావున ఈ కలయికలు నిలిపివేయవచ్చును.’ వచ్చే వాయిదాలో ఆ ఒక్క గంటా ఊడిపోతుందట.

3. అయ్యా, మా వాడు కాలు ఊపలేదు. మిషను తొక్కాడు. అక్కడ మిషను లేదు, నిజమే; ఒళ్లో పిల్ల ఉంది. ఆ పిల్ల పాలు తాగే వయసు నుంచీ వాడి ఒళ్లోనే పడుకునేది. వాడు మిషను తొక్కుతుంటే తొడ కదిలేది, ఆ కదలికకే దాని కళ్లు మూతపడేవి. బట్ట కుట్టడం అయిపోయినా, ఆపితే లేస్తుందని ఉత్త మిషను తొక్కుతూ కూర్చునేవాడు.

“ఏం కుడుతున్నావయ్యా, గుడ్డే లేదు?” అని గిరాకీలు నవ్వేవారు.

“గట్టిగా అనకండి, లేస్తుంది” అనేవాడు.

4. పొంతన లేని మాటలు ఏవో తలుపు సందులోంచి నేను విన్నాను. కౌన్సెలర్ గారు పిల్లను తట్టి, “పాపా, నాన్నతో ఆడుకోవా?” అన్నారు. అది కళ్లు తెరవకుండానే, “ఉండండి ఆంటీ, మిషను ఇంకా ఆగలేదు” అంది. ఇంత పొంతన గల మాట మా లాయరు నోట ఇంతవరకు వినలేదు.

5. నిద్రపోతే ఆసక్తి లేనట్టయితే, మధ్యాహ్నం పూట తమ గుమాస్తాగారికి ఉద్యోగం మీద ఎంత ఆసక్తి ఉన్నదో విచారించవలెను. ఈ వాక్యం వద్దంటున్నాడు టైపిస్టు. కొట్టవయ్యా, జైలుకు పోతే నేను పోతాను.

6. మొన్న కోర్టు ఆవరణలో కుళాయి దగ్గర కోడలు ఎదురైంది. “అత్తయ్యా, ఇంట్లో అది పక్క మీద దొర్లుతూనే ఉంటుంది. ఇక్కడికొచ్చిన రోజే కాస్త ఒళ్లు మరిచి నిద్రపోతోంది” అంది.

“ఆ ముక్క లోపల చెప్పొచ్చు కదే!”

“నోరు విప్పొద్దన్నారు మా లాయరుగారు.”

మా లాయరూ మా వాడికి అదే చెప్పాడు. కన్నవాళ్ల నోళ్లు మూసి, పిల్ల గురించి మాట్లాడేది వీళ్లిద్దరే. కోడలి మాట నేను చెప్పానని ఆమె లాయరుకు తెలియనివ్వకండి. కోడలు పిల్ల ఇప్పటికే చిక్కి సగమైంది.

కావున తమరు ఆ రిపోర్టు కొట్టివేసి, తండ్రికి గంట బదులు వారానికొక రాత్రి పిల్లను ఇప్పించవలెను. కుదరదంటే, ఆ గదిలో ఒక పాత మిషనైనా వేయించండి. పిల్ల లేచేలోపు తమ కోర్టు కర్టెన్ల చిరుగులన్నీ వాడు కుట్టేస్తాడు.

దయతో చిత్తగించవలెనని వేలిముద్ర వేసి వేడుకుంటున్న,

తమ విధేయురాలు,
కేసులో పార్టీ కాని నానమ్మ

మళ్లీ మనవి: తమరే స్వయంగా వచ్చి చూస్తానంటే అంతకన్నా కావలసిందేముంది. కానీ బూట్లు గది బయటే విప్పి రండి. వరండాలో విన్నాను, తమ బూట్లు కిర్రుమంటాయి. పిల్ల లేస్తుంది.