ఏడవని కడ్డీ

బావా,

నిన్న ఫోన్లో చెబితే "ఇదేం కొత్త వేషంరా" అని నవ్వి పెట్టేశావు. ఎప్పుడూ నిన్ను ఆటపట్టిస్తుంటానుగా, నేను చేసుకున్న పాపం అలాంటిది. అందుకే రాస్తున్నా.

పోయిన వారం గిన్నెల కళాయికని నీకిచ్చిన తగరం కడ్డీ మంచిది కాదు. మా ఫ్యాక్టరీలో తగరం, సీసం కలిసిన పాత టంకం కరిగించి కడ్డీలు పోసి, యాసిడ్ తొట్టిలో వేలాడదీసి కరెంటు పెడతాం. తగరం అవతలి రేకుకి అంటుకుంటుంది, సీసం బురదై మిగిలిపోతుంది. నీకిచ్చింది తొట్టిలో దిగని కడ్డీ. సగం సీసమే. చెవి దగ్గర వంచి, ఆ చప్పుడుతోనే తగరం జాతకం చెప్పేస్తానని గొప్పలు పోతావుగా, నీ చెవికి పరీక్ష పెట్టి పగలబడి నవ్వుదామనుకున్నా. నువ్వేమో "బావమరిది ఇచ్చిందేగా" అని వంచకుండానే ఇంటి గిన్నెలన్నిటికీ కళాయి పెట్టేశావు! అద్దాల్లా మెరుస్తున్నాయని అక్క మురిసిపోతోంది. నాకు ముద్ద దిగట్లేదు. ఆ సీసం మీ చిన్నదాని కడుపులోకి పోతోంది బావా.

ఆ గిన్నెల్లో నీళ్లు కూడా కాచొద్దు. పిల్లని డాక్టరుకి చూపించు. తిట్లు తర్వాత తిడుదువుగాని.

దీంతోపాటు మంచి తగరం ముక్క పంపుతున్నా. చెవి దగ్గర వంచు, కరకరమని ఏడుస్తుంది. తర్వాత నీ దగ్గర మిగిలిన ముక్క వంచు. అది ఏడవదు బావా. అప్పుడైనా నన్ను నమ్ము.

నీ కోతి బావమరిది