నలభై ఎనిమిదో నెంబరు మాస్కును వాపసు తీసుకొనుట గురించి

క్యాన్సరు ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

నీటి సరఫరా కార్యాలయం ఫిర్యాదుల విభాగంలో గుమాస్తాగా పనిచేయుచున్నదియు, తమ ఆసుపత్రిలో గొంతు క్యాన్సరుకు వైద్యం పొంది కాలం చేసిన బోర్డు పెయింటరు గారి భార్యయు అగు నేను వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా కోరిక మేరకు తమరు మంజూరు చేసిన మాస్కును తిరిగి తీసుకొని, రేపటి సిట్టింగుకు దాని మనిషికి బిగించవలసినదిగా ప్రార్థించుట.

సూచిక: నా మొదటి అర్జీ, దానిపై నేను పంపిన గుర్తుచేయు లేఖలు, తమ కార్యాలయపు ఉత్తర్వు.

మంజూరైన కోరికను రద్దు చేయమని అర్జీ పెట్టేవాళ్లు అరుదు. నా ఉద్యోగంలో ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు. కనుక తమ గుమాస్తా ఈ కాగితాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తోచక పక్కన పడేసే ప్రమాదం ఉంది. పక్కన పడేయడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు, ఆ పనికే నేనూ జీతం తీసుకుంటున్నాను. అందువల్ల సంగతంతా మొదటి నుంచి మనవి చేసుకుంటున్నాను.

1. నా భర్త తమ ఆసుపత్రికి కొత్తవారు కారు. తలుపుల మీద ‘స్కానింగ్’, ‘మందుల గది’, ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న అక్షరాలు ఆయన చేతివే. తమ గది బయట తమ హోదా రాసిన బోర్డు కూడా ఆయనదే. గొంతు బొంగురుపోయి, మింగుడుపడక, రోగిగా వచ్చిన మొదటి రోజు ఆ బోర్డు ముందు ఆగి, అందులో సున్న ఒకటి వంకర పోయిందని చాలాసేపు బాధపడ్డారు. గొంతులో గడ్డ ఉందని డాక్టరు చెప్పినప్పుడు అంత బాధపడలేదు.

2. ఎవరి జబ్బు వారిది, ఎవరి వైద్యం వారిది అని తమ డాక్టర్లే మాకు నేర్పారు. మా పక్క బెంచీ మీద ఊపిరితిత్తుల క్యాన్సరుతో ఒక పెద్దాయన కూర్చునేవారు. మా ఆయనా, ఆయనా ఒకే రకం సిగరెట్టు కాల్చినవాళ్లు కనుక స్నేహం తొందరగా కుదిరింది. పెద్దాయన గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపితే అందులో ఏదో మార్పు ఉందని తేలింది. ఆ మార్పు మీదే పనిచేసే మాత్ర ఉందట, మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ పెద్దాయన ఎవరి భుజమూ పట్టుకోకుండా మెట్లెక్కి రావడం మొదలైంది. నేను డాక్టరుగారి గదిలోకి వెళ్లి ఆ మాత్రే మా ఆయనకూ ఇవ్వమని అడిగాను. ఆయన కసురుకోలేదు.

“అమ్మా, ఆ మాత్ర ఆయన గడ్డ కొలతకు కుట్టిన చొక్కా అనుకోండి. మీవారి గడ్డలో ఆ మార్పే లేదు, మింగినా దండగ. మీవారికి కుదిరేది కరెంటు పెట్టడం, అదే రేడియేషను, దాంతోపాటు సెలైన్లో మందు. అది మాత్రం ఆయన ముఖానికి, ఆయన గడ్డకి కొలిచి పెడతాం. ఇంకొకరికి పెట్టింది ఆయనకి పెట్టం, ఆయనకి పెట్టింది ఇంకొకరికి పెట్టం” అన్నారు.

తల ఊపి వచ్చేశాను. నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కుళ్లు పోదు కదా, ఆ పెద్దాయన మెట్లెక్కుతుంటే నాకు కడుపు మండిపోయేది.

3. మాస్కు అంటే ఏమిటో తమకు తెలియనిది కాదు, తమ గుమాస్తా కోసం రాస్తున్నాను. కరెంటు పెట్టేటప్పుడు తల ఏమాత్రం కదలకూడదు. అందుకని నిండా చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో వేస్తారు. అది తడిబట్టలా మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద పరిచి నొక్కితే, చల్లారి గట్టిపడేసరికి ఆ ముఖమే అవుతుంది. దాని చట్రాన్ని బల్లకు బిగిస్తారు. మా ఆయనకు చేసిన రోజు నన్ను గదిలో ఉండనిచ్చారు. నుదురు, కనుబొమల గట్లు, నిచ్చెన మీంచి పడ్డప్పుడు కాస్త వంకరపోయిన ముక్కు, అన్నీ దాంట్లోకి వచ్చాయి. ఆ చట్రం నెంబరు నలభై ఎనిమిది.

సగం సిట్టింగులు అయ్యేసరికి మనిషి చిక్కిపోయారు. మాస్కులో తల ఆడుతోంది, కిరణం గురి తప్పుతుందని వేరే పలకతో రెండోది చేశారు. మొదటిది ఆ గదిలోనే బల్ల మీద పెట్టారు. అక్కడ గోడ పొడుగునా అలాంటివి వరసగా ఉంటాయి, అన్నీ కళ్లు మూసుకున్న ముఖాలే. నేను రోజూ మా ఆయన్ను లోపలికి పంపి, తలుపు సందులోంచి ఆ బల్ల మీదున్న మా ఆయన్ను చూసేదాన్ని. లోపలికి వెళ్లినాయన కన్నా బల్ల మీదాయనే ఒళ్లు చేసి ఉండేవారు.

4. ఆయన పోయారు. తమ డాక్టర్ల లోపమేమీ లేదు, చేయగలిగిందంతా చేశారు, ఆ మాట రాసివ్వమన్నా ఇస్తాను. కానీ ఆనాటి నుంచి నేను ఆయన్ను తలుచుకుంటే ఆ చివరి రోజుల ముఖమే వస్తోంది. పెళ్లిచూపుల నాటి ముఖం తలుచుకున్నా, రంగు డబ్బాలు పట్టుకొని మెట్లు దిగే ముఖం తలుచుకున్నా, దాని మీదికి ఈ ఎండిపోయిన ముఖం వచ్చి కూర్చుంటోంది. ఇంట్లో ఫొటోలు ఉన్నాయి. ఫొటోలో ముక్కు చేతికి తగలదు. అందుకని ఆ మొదటి మాస్కును ఇప్పించమని అర్జీ పెట్టుకున్నాను.

5. నిబంధనలలో లేదని తమ కార్యాలయం జవాబిచ్చింది. ఇవ్వకూడదని కూడా నిబంధనలలో లేదు కదా అని నేను తిరిగి రాశాను. ఒకాయన మా కార్యాలయానికి ఇలాగే రాసి రాసి ఇంటికి కొళాయి వేయించుకున్నాడు, ఆ విద్య నాకు అక్కడ పట్టుబడింది. చివరికి మీవాళ్లు విసిగిపోయారు. “చట్రం నెంబరు 48 గల మాస్కును అర్జీదారుకు తక్షణమే అప్పగించి రసీదు పొందవలెను” అని ఉత్తర్వు వచ్చింది. సోమవారం సాయంత్రం తమ అటెండరు ఒక పాత పిండి సంచిలో పెట్టి తెచ్చి ఇచ్చి, “ఇంకేం కాగితాలు రాయకండమ్మా” అని సంతకం పెట్టించుకొని వెళ్లాడు.

6. ఈ అంశం ఫైలుకు అవసరం లేదు. అయినా రాయకుండా ఉండలేను.

సంచి విప్పి దాన్ని బల్ల మీద నిలబెట్టాను. ముక్కు తిన్నగా ఉంది. ప్లాస్టిక్కు సరిగ్గా అతుక్కోలేదేమో అనుకున్నాను. దవడలు వెడల్పుగా ఉన్నాయి. అప్పట్లో ఇంత ఒళ్లు ఉండేదేమో అనుకున్నాను. గడ్డం మధ్యలో సొట్ట ఉంది. ఆ సొట్ట నాకు గుర్తులేదు. ఇన్నేళ్లు కాపురం చేసి మొగుడి గడ్డం మీద సొట్ట చూసుకోలేదా అని సిగ్గుపడ్డాను. ఆయన ముఖాన్ని పూర్తిగా మరిచిపోయానని నిశ్చయించుకున్నాను. నా భయమంతా అదే, అది జరిగిపోయింది.

మంగళవారం సెలవు పెట్టాను. దాన్ని ఆయన దిండు మీద పెట్టి, పక్కన కూర్చొని, ముక్కు మీద వేలితో రాస్తూ, ఇదే ఆయన, ఇదే ఆయన అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టు నేర్చుకున్నాను. ఆయనకు చెప్పాల్సిన మాటలు కొన్ని ఉంటే అవీ చెప్పాను. సాయంత్రానికి అలవాటు పడ్డాను కూడా. కళ్లు మూస్తే ఆ సొట్ట కనిపించసాగింది.

7. బుధవారం పొద్దున, అనగా ఈరోజు, తలుపు తట్టారు. తీస్తే గుమ్మంలో ఆ ముఖం నిలబడి ఉంది.

తమరు నమ్మినా నమ్మకపోయినా, గుమ్మం పట్టుకొని నిలబడ్డాను తప్ప అరవలేదు. అదే తిన్నని ముక్కు, అవే దవడలు, కాకపోతే కళ్లు తెరిచి ఉన్నాయి. పక్కనున్న ఆడమనిషి మాట్లాడింది.

“అక్కా, ఈయన మా అన్నయ్య, స్కూలు వ్యాను నడుపుతాడు. అన్నయ్య మాస్కు మీ ఇంటికి పంపేశారంట. నిన్నట్నుంచి కరెంటు పెట్టడం ఆపేశారు. అటెండర్ని బతిమాలితే మీ అడ్రసు చెప్పాడు.”

పలకల కొరత వచ్చి, మా ఆయన మాస్కును కడిగి, వేడినీళ్లలో వేసి, ఈ డ్రైవరుగారి ముఖానికి మళ్లీ నొక్కారని ఆమె చెబితే తెలిసింది. చట్రం పాతదే కనుక నెంబరూ పాతదే. తమ ఉత్తర్వు నెంబరు చూసింది. సగం సిట్టింగులలో ఉన్న మనిషి ముఖాన్ని బల్ల మీంచి తీసి నాకు పంపింది.

నేను లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు. “ఈ సొట్ట మీదా?” అని మాత్రం అడిగాను. డ్రైవరుగారు గడ్డం మీద వేలు పెట్టి చూపించి తల ఊపారు.

నాకు పట్టరాని సంతోషం వేసింది, దాచుకోను. నేను మరిచిపోలేదు. మా ఆయన ముక్కు వంకరే, మా ఆయనకు సొట్ట లేదు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మరి ఆయనది ఏమైంది అని డ్రైవరుగారి చెల్లెలిని అడిగాను, ఆసుపత్రిలో అడగమంది. వేడినీళ్లలో పడగానే పలక మళ్లీ సాపుగా పలకే అవుతుందని, ఇదివరకటి ముఖం ఇసుమంత కూడా మిగలదని తరవాత తమ టెక్నీషియను చెప్పాడు. ఆ ముఖం ఇక ఎక్కడా లేదు. ఈ విషయమై తమ నుంచి జవాబు కోరడం లేదు.

గుమ్మంలో మా మాటలు విన్నాక డ్రైవరుగారు ఒక్క ప్రశ్న అడిగారు. గొంతు పెగలక గాలి మాత్రమే వచ్చింది, అయినా తెలిసింది. “ఆయనకి నయమైందా?” అన్నారు.

సిట్టింగులన్నీ పూర్తి చేశారని చెప్పాను. అది అబద్ధం కాదు.

8. వెంటనే ముగ్గురం ఆటోలో తమ ఆసుపత్రికి వెళ్లాము. వాళ్లిద్దరినీ బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే స్టోరుకు వెళ్లాను. ఇష్యూ అయిన వస్తువు వాపసు తీసుకోవాలంటే ఆ నెంబరు గల రోగి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలని స్టోరు గుమాస్తా అన్నాడు. ఆయన రాలేరన్నాను. ఎందుకు రాలేరో రాసివ్వమన్నాడు. మరణ ధ్రువపత్రం తీసి ఇచ్చాను. చనిపోయిన రోగి పేర ఉన్న వస్తువును బతికున్న రోగికి వేయడానికి తనకు అధికారం లేదన్నాడు. ఆ మీదట నేను అతనితో మాట్లాడిన మాటలకు తమ క్షమాపణ కోరుతున్నాను, అతనిది కాదు. అప్పటికే తమరు మీటింగుకు వెళ్లారు, రేపు పొద్దున వస్తారన్నారు.

టెక్నీషియను మంచివాడు. పక్కకు పిలిచి చెప్పాడు. “స్టోరు ముద్ర లేకుండా నేను బిగిస్తే నా ఉద్యోగం పోతుందమ్మా. కానీ మధ్యలో ఇలా ఆపితే గడ్డ ఊరుకోదు. కొత్తది చేద్దామంటే పలకలు లేవు. వచ్చినా స్కాను తీసి లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయాలి. అన్నాళ్లు ఆగకూడదు.”

ఇంకొకరిది ఈయనకు పెట్టలేరు. ఈయనది నా దగ్గర ఉంది. నేను పట్టుబట్టి తెప్పించుకున్నాను. నా ఇంట్లో దిండు మీద ఉన్నంతసేపూ ఆ గొంతులో గడ్డ పెరుగుతూ ఉందని ఇప్పుడు నాకు తెలుసు. ఇంతకాలం నన్ను మా ఆయన ముఖం పట్టుకుంది. ఇప్పుడు ఈయనది పట్టుకుంది, ఈయన బతికున్న మనిషి.

కావున తమను ప్రార్థించునది:

(అ) నా అర్జీని, దాని మీది ఉత్తర్వును, నా రసీదును రద్దు చేయవలెను. నేనెప్పుడూ ఏమీ అడగలేదని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

(ఆ) రేపు ఉదయమే సదరు మాస్కుకు ముద్ర వేయించి, డ్రైవరుగారికి సిట్టింగు జరిపించవలెను.

(ఇ) ఆయన వైద్యం ముగిసిన పిమ్మట దానిని నాకు పంపవద్దు. వేడినీళ్లలో వేయండి. ఇంకెవరికో కావాల్సి వస్తుంది.

మొదటి అర్జీని చిత్తగించడానికి తమకు నెలలు పట్టింది. దీనిని నిలబడి ఉండగానే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బోర్డులు రాసినాయన భార్య

తా.క. ఈ కవరును, మాస్కును డ్రైవరుగారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. నేను వస్తే స్టోరు దగ్గర మళ్లీ మాటలు పెరుగుతాయి, నా నోరు మంచిది కాదు. ఇది రాస్తుంటే ఆయన ముందు గదిలో కూర్చొని ఉన్నారు, తన ముఖాన్ని ఒళ్లో పెట్టుకొని. మాస్కు ఎవరిదో రుజువేమిటని తమ గుమాస్తా అడుగుతాడు. తమరు ఒకసారి తల ఎత్తి చూస్తే చాలు.

కవరు అంటించి ఇస్తున్నాను. ఆయన ఎదుట దీనిని పైకి చదవవద్దు. ఎక్కువసేపు నిలబడలేరు, కుర్చీ వేయించండి. మా ఆయన సంగతి మళ్లీ అడిగినా అడుగుతారు. సిట్టింగులన్నీ పూర్తి చేశారని తమరు కూడా చెప్పండి.