చిన్నా ఎడమ పక్క

సెప్టెంబర్ 7, ఆదివారం

గుడివాడ నించి ఇప్పుడే వచ్చాం. తలనొప్పి. బైకు రేసు ముప్పావు గంట, దాని మీద పోట్లాట అంతకు నాలుగింతలు.

బాబ్జీ మావయ్య రొయ్యల మేత కొట్టు మేడ మీద టీవీ. మేత వాసన చున్నీకి పట్టేసింది, ఉతికినా పోదు. అంతమంది మగాళ్ళలో నేనొక్కదాన్నే. "సుగుణమ్మాయికి ఫ్యాన్ కింద కుర్చీ వేయండ్రా" అని ఎప్పటిలాగే మావయ్య కేక. వరసకి మావయ్య కాదు, ఏమీ కాదు. మా రేసుల వాట్సాప్ గ్రూపు అంతటికీ మావయ్యే.

అల్లుడు గారు మళ్ళీ వెనకబడ్డాడు. తెల్ల బండి రైడర్‌కి మావాళ్ళు పెట్టిన పేరది. నిరుడు పడి లేచిన దగ్గర్నించీ ప్రతి రేసు అయ్యాక మైకు ముందుకొచ్చి మూతి ముడుచుకుని "బండి లాగట్లేదు" అంటాడు. కూరలో ఉప్పు తగ్గిందని అలిగిన కొత్తల్లుడిలా.

మావయ్య — "బండి కాదురా. యాటిట్యూడ్. పడ్డాక గుండె జారిపోయింది. ఒప్పుకోడానికి పొగరు అడ్డం."

రేసు బండి ఉన్న శివాజీ — "స్ట్రెయిట్‌లో చూశారా అండీ? పక్కవాడు టాటా చెప్పి వెళ్ళిపోతున్నాడు. దానికి యాటిట్యూడ్ ఏం చేస్తుంది?"

నా తమ్ముడు చిన్నా ఎప్పుడూ శివాజీ పార్టీయే. "బండికి స్పీడుండాలి మావయ్యా. స్పీడుంటే మిగతావన్నీ అవే సర్దుకుంటాయి." ఈ మాట వీడు ఎన్నిసార్లన్నాడో. నాకు మాత్రం మావయ్య చెప్పిందే సబబనిపించింది. పైకి అనలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మావయ్య చిన్నా వైపు తిరిగాడు. "నిరుడు రేసులో పడ్డ దగ్గర్నించీ నువ్వూ అంతేరా అబ్బాయ్. మొన్న నాగాయలంక రోడ్డు మీద నీ ప్రాక్టీసు చూశాను. కుడి మలుపుల్లో పాత చిన్నావే. ఎడమ మలుపొచ్చిందా, ముసలాడిలా బ్రేకు మీద కూర్చుంటున్నావు. నీకూ అల్లుడి జబ్బే."

అందరూ నవ్వారు. చిన్నా కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సెప్టెంబర్ 8, సోమవారం

గ్రూపులో ఇంకా అదే. పళ్ళు కూడా తోముకోకుండా మొదలెట్టారు. బండా, రైడరా... రైడరా, బండా. ఒకడు చిన్నా ఫోటో పెట్టి కింద "చిన్నల్లుడు" అని రాశాడు. చిన్నా చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాడు.

నాకు వేరేది గుర్తొస్తోంది. నిన్న చిన్నా బండి మీద వచ్చేటప్పుడు పెడన దాటాక ఎడమ పక్క గట్టు మీంచి గేదె దిగింది. వెనక కూర్చున్న నాకు ఎప్పటినించో కనిపిస్తోంది. వీడు తగ్గించలేదు. నేను భుజం మీద చరిచాక బ్రేకు. "చూశాన్లే అక్కా" అన్నాడు.

చూశాడా?

సెప్టెంబర్ 9, మంగళవారం

అన్నం తినేటప్పుడు ఎడమ చేత్తో నీళ్ళ గ్లాసు పడేశాడు. అమ్మ తిట్టింది. మొన్నా ఇలాగే పడేశాడు కదా... అప్పుడూ ఎడమ పక్కేనా? గుర్తులేదు. గుర్తు చేసుకోవాలనీ లేదు.

సెప్టెంబర్ 10, బుధవారం

చిన్నా గిలకలదిండి హార్బర్లో బోటు ఇంజన్ల పని నించి డీజిలు చేతుల్తోనే వచ్చి అమ్మతో చెప్పేశాడు — వచ్చే నెల చెన్నై దగ్గర క్లబ్బు రేసు. శివాజీ బండి. పేరిచ్చేశాడట. అదే ట్రాకు, నిరుడు వీడు పడి హెల్మెట్ పగిలిన ట్రాకు.

అమ్మ కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. "మంచిది నాన్నా" అంది. నాకు మతిపోయింది.

నా దగ్గరకొచ్చి మెల్లిగా — "రేసు లైసెన్సుకి కళ్ళ సర్టిఫికెట్ కావాలక్కా. మీ డాక్టరు గారే ఇస్తారుగా."

ఇస్తారు. మా కళ్ళజోళ్ళ షాపులో పద్ధతి అదే. ఆయన బెజవాడ నించి గురువారం గురువారం వస్తారు. అప్పటికే పరీక్షలన్నీ నేను చేసి ఉంచుతాను. "సుగుణ చూసిందా? అయితే చాలు" అని సంతకం పెట్టేస్తారు. ఇన్నాళ్ళూ ఆ మాటంటే నాకు గర్వం. ఇవాళ కాదు.

సెప్టెంబర్ 11, గురువారం

వాన. డాక్టరు గారు రాలేదు, వచ్చే వారమే అని ఫోను. చిన్నా మాత్రం వచ్చాడు, తడిసి ముద్దై. "నువ్వు చూసేసి ఉంచక్కా."

చార్టు చదివించాను. ఒక కన్ను మూసి, రెండోది మూసి. ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. వేరే చార్టు పెట్టాను, అదీ చదివాడు. నా ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆపెయ్యచ్చు. సర్టిఫికెట్‌కి అంతకంటే ఎవరూ అడగరు కూడా.

ఆపలేదు. చార్టుకి తెలిసేది ఎదుటి చూపే, పక్క చూపు కాదు. నా ముక్కు వంకే చూడమన్నాను. చేతులు రెండూ పక్కలకి చాపి వేళ్ళు ఊపుతాను, ఏ పక్క కదిలితే ఆ పక్క చెప్పమన్నాను. మామూలు పరీక్షే, తలకి దెబ్బ తగిలినవాళ్ళకి చేస్తాం. కుడి ఊపాను. "కుడి." మళ్ళీ కుడి. "కుడి."

తర్వాత ఓపిగ్గా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. కాసేపాగి —

"కానివ్వక్కా. ఎడమ ఎప్పుడు ఊపుతావు?"

నేను అప్పటికే ఊపుతున్నాను. చెయ్యి నొప్పెట్టేదాకా ఊపుతున్నాను.

"అయిపోయింది, లే" అన్నాను. "బాగుందా?" అన్నాడు. "డాక్టరు గారు చూడాలి" అన్నాను. వాన తగ్గకుండానే వెళ్ళిపోయాడు. షట్టరు సగం దించి కూర్చుని ఏడ్చాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

యాటిట్యూడూ కాదు. బండీ కాదు. కన్ను.

గ్రూపులో పాత రేసుల వీడియోలు పెడుతున్నారు. అల్లుడు గారు ఎడమ మలుపులో ముందే బ్రేకు వేస్తున్నాడు, చూడండి, పిరికి — అని గుండ్రాలు గీసి మరీ. నేనూ చూశాను. అతనికీ ఇదేనేమో? కాదేమో. ఎవరడిగారు? ఇంతమందిమి ఇన్నాళ్ళు తిట్టుకున్నాం, ఒక్కరికి తట్టలేదు. కళ్ళ షాపులో పనిచేసే నాకే తట్టలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

చర్చిలో ప్రార్థన మనవులు అడిగారు. అమ్మ లేచి నిలబడింది. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

"మా అబ్బాయి మళ్ళీ రేసు బండి ఎక్కుతున్నాడండీ. పడ్డప్పటినించీ వాడిలో భయం పట్టుకుంది. ఆ భయం పూర్తిగా పోవాలని మీరంతా ప్రార్థన చెయ్యండి."

అదన్నమాట. బాబ్జీ మావయ్య అమ్మకి ఫోను చేశాడట — వాడికి భయమమ్మా, మీరు గాని వద్దంటే జీవితాంతం పిరికివాడిగా ఉండిపోతాడు, ధైర్యం చెప్పండి అని. మంచికే చేశాడు. అందరూ మంచికే చేస్తున్నారు.

పాస్టరు అయ్యగారు చిన్నాని ముందుకి పిలిచారు. తల మీద చెయ్యి పెట్టారు. సంఘమంతా గొంతెత్తి ప్రార్థన, భయం పోవాలి, వదిలిపోవాలి అని. పెద్దవాళ్ళు కన్నీళ్ళతో. నేనొక్కదాన్నే కళ్ళు మూసుకుని మనసులోనే అడ్డం పడ్డాను. ప్రభువా, వీళ్ళ మాట వినకు. వాడి భయం వాడికి ఉంచు. ఎడమ మలుపు దగ్గర వాడి చేత బ్రేకు వేయిస్తున్నది అదొక్కటే.

సంఘమంతా ఒకటడుగుతుంటే నేను ఇంకోటి అడిగాను. ఎవరి మాట చెల్లుతుంది?

రేసు చూడ్డానికి గుడివాడ వెళ్ళలేదు. చిన్నా ఒక్కడే వెళ్ళాడు. వచ్చేదాకా గుమ్మంలోనే ఉన్నాను.

సెప్టెంబర్ 15, సోమవారం

చెప్పాలి. ఎవరికి? వాడికా, అమ్మకా, డాక్టరు గారికా... రేపు.

సెప్టెంబర్ 16, మంగళవారం

మధ్యాహ్నం గిలకలదిండి వెళ్ళాను. అన్నం క్యారియర్ వంకతో. బోటు ఇంజన్లో తల దూర్చి ఉన్నాడు. ఎడమ వైపు నించి వెళ్ళి నిలబడ్డాను — కావాలనే. ఐసు మోసేవాళ్ళు నన్ను చూసి పక్కకి జరుగుతున్నారు. వీడికి నేను లేను. పిలిచాక ఉలిక్కిపడ్డాడు.

వలలు ఆరేసిన చోట కూర్చున్నాం. మాట ఎలా మొదలెట్టాలో తెలీక సూటిగా అనేశాను.

"ఎడమ పక్క నీకు కనపడట్లేదు చిన్నా."

అన్నం కలుపుతూనే ఉన్నాడు. "తెలుసక్కా."

"ఎప్పట్నించి?"

"హాస్పిటల్ నించే. అక్కడే అనుమానం. ఇంటికొచ్చాక ఖాయం."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమే. తెలిసీనా? తెలిసీ పేరిచ్చావా? నన్ను వెనకెక్కించుకుని గుడివాడ తిప్పావా? అరిచాననుకుంటా. వల అల్లే ముసలాయన ఇటు తిరిగి చూశాడు.

వాడు నింపాదిగా చెప్పాడు, గ్రూపులో వాదించినట్టే. "పడింది కూడా అందుకు కాదక్కా, అప్పుడు కన్ను బాగానే ఉంది. ఇప్పుడంటావా — ఎడమ పక్క నించి ఎవడో వస్తాడని కదా భయం. ముందుంటే ఎవడొస్తాడు? శివాజీ బండిని నేను సరిచేస్తే స్ట్రెయిట్‌లో దాన్ని పట్టేవాడు లేడు. మొదటి మలుపుకి నేనే ముందు. ముందున్నవాడికి పక్కలతో పనేముంది?"

స్పీడుంటే మిగతావన్నీ అవే సర్దుకుంటాయి... ఇన్ని నెలలుగా వీడు చెబుతున్నది అల్లుడు గారి బండి గురించి కాదు.

"ముందు లేకపోతే?" అన్నాను.

క్యారియర్ మూత పెట్టి ఇచ్చాడు. "గురువారం వస్తాను. నువ్వేం చెప్పక్కర్లేదు. చార్టు చదివాడండీ అను, చాలు. అది అబద్ధం కాదుగా."

అబద్ధం కాదు. అదే వచ్చింది చిక్కు.

సెప్టెంబర్ 17, బుధవారం

నిద్ర లేదు. అమ్మ వాడి రేసు సూట్ ఎండలో వేసింది. నిరుడు చిరిగిన మోచేతికి కుట్టు వేస్తోంది. ఎంత సంతోషంగా ఉందో. "భయం పోయినట్టే ఉందే వాడికి, మొహం చూడు" అంది.

సెప్టెంబర్ 18, గురువారం

చెప్పేశాను.

డాక్టరు గారు పెన్ను తీసి, "మన చిన్నాయేగా. సుగుణ చూసిందా?" అన్నారు. చిన్నా నా వంక చూశాడు. చిన్నప్పుడు అమ్మకి చెప్పొద్దని చూసే చూపు. "చార్టు బాగా చదివాడండీ" అన్నాను. ఆయన పెన్ను కాగితం మీద ఆనించారు. "ఎడమ పక్క కనపడట్లేదండీ" అన్నాను.

ఎలా వచ్చిందో నోట్లోంచి. నేను అనుకుని అన్నది కాదు.

ఆయన పెన్ను పక్కన పెట్టి చాలాసేపు చూశారు. లైటు వేసి, వేళ్ళు చూపించి. బెజవాడ వచ్చి మెషీను మీద పరీక్ష చేయించుకోమన్నారు. నరం దెబ్బతిని ఉండచ్చు, తిరిగి వస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు అన్నారు. "రేసు సంగతి మర్చిపో బాబూ. రోడ్డు మీద కూడా ప్రస్తుతానికి వద్దు." చిన్నా "అలాగేనండీ" అన్నాడు. మర్యాదగానే. నా వంక చూడకుండా బయటికి నడిచాడు.

సాయంత్రం అమ్మ వంటింట్లో, తనకింకా తెలీదు. మేమిద్దరం గదిలో చెరో మూల, చేతుల్లో ఫోన్లు. వాడు శివాజీకి రావట్లేదని చెప్పినట్టున్నాడు. గ్రూపు రెచ్చిపోయింది. బాబ్జీ మావయ్య రాశాడు — "చెప్పానా లేదా? బండి సిద్ధంగా ఉంది. రైడర్ తప్పుకున్నాడు. ఇప్పుడు చెప్పరా శివాజీ, బండి లోపమా, యాటిట్యూడా?" కింద చప్పట్లు, నవ్వులు. చిన్నల్లుడు, చిన్నల్లుడు.

నేను టైపు చేశాను. వాడికి కన్ను పోయింది, సిగ్గు లేదా మీకు — అని. వేలు బటన్ మీదే ఉంది. తలెత్తితే వాడు నన్నే చూస్తున్నాడు. అడ్డంగా తలూపాడు. వద్దు.

ఆ తర్వాత వాడే రాశాడు. గది ఆ మూల నించి, నా కళ్ళ ముందే.

"అవును మావయ్యా. భయమేసింది."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి మావయ్య "పర్లేదురా అబ్బాయ్" అని రాశాడు. నేను రాసింది చెరిపేశాను. పిరికివాడన్నా పడతాడు గాని కన్ను లేనివాడంటే పడడు. పడవ ఇంజన్ల దగ్గరికి రానివ్వరనా? జాలి పడతారనా? అడగలేదు. అడిగే మొహం నాకు లేదు ఇవాళ.

సెప్టెంబర్ 19, శుక్రవారం

పొద్దున లేచేసరికి బండి బయటికి తీసి తుడుస్తున్నాడు. రేసుది కాదు, రోజూ వెళ్ళేదే.

"వద్దన్నారు కదరా."

"హార్బర్ దాకానే."

"ఆటోలో వెళ్ళు. నేను దింపుతాను, పోనీ."

"అక్కా." అంతే. నిన్నటి నించి నన్నలా పిలవడం ఇదే. కోపం కూడా లేదు అందులో.

కిక్ కొట్టాడు. చాలా మెల్లిగా వెళ్ళాడు, కొత్తగా నేర్చుకునేవాడిలా. నేను గేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. వీధి చివర ఎడమ సందులోంచి పాల ఆటో ముక్కు బయటపెట్టింది. చిన్నా తల తిప్పాడు... తిప్పాడనే అనుకుంటున్నాను. మధ్యలో ఎవరో అడ్డొచ్చారు. చప్పుడేమీ వినపడలేదు.

మధ్యాహ్నం అయింది. ఫోను ఎత్తట్లేదు. పనిలో ఉంటే ఎత్తడు. పనిలో ఉన్నాడు.