నిప్పుకు వచ్చిన లక్ష్మమ్మ

1944 జనవరి 9, ఆదివారం

రిహార్సలు మొదలు. బడి మాస్టారు కొత్త నాటకం రాశాడు. రాజులు లేరు, కిరీటాలు లేవు, ఒక్క పద్యం లేదు. ఊళ్ళో ఒంటరిగా బతికే కూలీలు, అంతే. హార్మోనియం తాత అలిగి గోడవైపు తిరిగాడు. "పద్యం లేని నాటకానికి ఎవడొస్తాడయ్యా?" నాకు మామూలే, ఆడవేషం. పత్తి మిల్లులో పనిచేసే లక్ష్మమ్మ. వెనకా ముందూ ఎవరూ లేనిది. నా బతుకే, చీర కట్టింది.

జనవరి 12

మిల్లులో తలగుడ్డ జారి జడ బయటపడింది. మేస్త్రి కేకలు — "ఒరేయ్ వీరాసామీ, అది బెల్టులో పడిందంటే తలకాయే పోద్ది. ఆడేషాల కోసం సస్తావంట్రా?" జడ లోపలికి దోపి తలగుడ్డ బిగించాను. ఎన్నేళ్ళు పెంచిన జుట్టు ఇది! లక్ష్మమ్మ జుట్టు విప్పి దువ్వుకుంటూ తనలో తాను మాట్లాడుకునే సీను ఉంది. అద్దె విగ్గుతో ఆడితే జనం నవ్వి చంపుతారు.

జనవరి 16, ఆదివారం

రొంపిచెర్ల నుంచి అక్క. సంబంధం తెచ్చింది. పిల్ల పేరు కోటమ్మ, మిరప చేలల్లో కూలికి పోతుంది. చూడకుండానే నచ్చింది. ఇంట్లో ఇంకో మనిషి అలికిడి ఉంటుందంటే ఎవరైనా నచ్చుతారు. తండ్రిది మాత్రం ఒకటే మాటట — "జడేసుకునేవోడికి పిల్లనియ్యను. వచ్చే నెల తిరణాళ్ళకి కొండమీద గుండు చేయించుకుంటే అప్పుడు చూద్దాం."

తిరణాళ్ళు దాటిన వారమే గురజాలలో మా ఆట. మాస్టారు ఒప్పేసుకున్నాడు.

జనవరి 17

గుండా... వేషమా. పనిలో చెయ్యి నిలవడం లేదు.

జనవరి 23

మాస్టారు మీద ఒళ్ళు మండిపోతోంది. కొత్త సీను రాసుకొచ్చాడు. సాయంత్రం కాగానే లక్ష్మమ్మ పిడక పట్టుకుని పక్కింటికి నిప్పుకు వెళుతుంది. కొంగున అగ్గిపెట్టె ఉంటుంది. ఉన్నా వెళుతుంది — ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడొచ్చని.

అది నేను! పక్కింటి మరియమ్మ పిన్ని దగ్గరికి రోజూ నిప్పుకు పోయేది నేను. యుద్ధం వల్ల అగ్గిపెట్టెలు దొరకడం లేదని వంక పెట్టి. ఈయన మా వీధివాడే, చూసి ఉంటాడు. కడిగేద్దామనుకున్నాను. కాగితం తీసుకుని మళ్ళీ చదివాను. సీను మాత్రం... బాగుంది. చచ్చేంత సిగ్గేసింది, అయినా బాగుంది.

ఫిబ్రవరి 5, శనివారం

మిల్లు పక్క ఖాళీ స్థలంలో ఆట అయింది. మొదట్లో ఒకటే గోల — "పద్యం! పద్యం పాడు!" వేరుశనగ తొక్కలు మీద పడ్డాయి. ఆ తర్వాత నిప్పు సీను. పిడక పట్టుకుని నిలబడ్డాను. "పిన్నీ... కాస్త నిప్పు పెడతావా?" కొంగులో అగ్గిపెట్టె గలగలమంది. ఒక్కరూ నవ్వలేదు. ఎవరో ముసలాయన "వన్స్ మోర్!" అని అరిచాడు. పద్యానికి అరిచే అరుపు — వట్టి మాటకి! వెనక్కి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను, మళ్ళీ నిప్పు అడిగాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే తాత హార్మోనియం మీద శ్రుతి పట్టాడు.

ఫిబ్రవరి 6

నిన్న కోటమ్మ ఆట చూసిందట! అక్కతో కలిసి ఆడవాళ్ళ వైపు కూర్చుందట. అక్క పొద్దున చెప్పేదాకా నాకు తెలియదు.

"ఏమంది అక్కా?"

"ఏమీ అన్లా. బండెక్కేటప్పుడు ఒకటే అడిగింది — మీ తమ్ముడు ఇంటికాడ కూడా నిప్పు అడుక్కొచ్చుకుంటాడా వదినా, అని. నాకేం తెలుసురా? ఏంది ఆ మాట?"

నవ్వేశాను.

ఫిబ్రవరి 8

పిన్ని ఇంటికి వెళ్ళాను. పిడక మీద నిప్పు పెడుతూ, నా మొహం చూడకుండానే అంది — "జేబులో గలగల్లాడతానే ఉంటదిగా, అగ్గిపెట్టె."

తెలుసన్నమాట. తెలిసే ఇస్తోంది, రోజూ.

"మరి ఎన్నడూ అడగలేదేం పిన్నీ?"

"అడిగితే రావుగా."

ఫిబ్రవరి 13

మిల్లులో రెండుసార్లు తలగుడ్డ విప్పి కట్టాను. మేస్త్రి చూసి తల కొట్టుకున్నాడు.

ఫిబ్రవరి 20, ఆదివారం

వీధిలో తిరణాళ్ళకి వెదురుబొంగులతో ప్రభ కడుతున్నారు, ఒకటే డప్పులు. ఎల్లుండి కొండకి బండి. అక్క కబురు — కోటమ్మ వాళ్ళూ వస్తున్నారట. మాస్టారు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "గురజాలకి వస్తున్నట్టా, లేనట్టా? చెప్పవయ్యా." కొండ నుంచి వచ్చాక చెబుతానన్నాను. వేషం వదిలితే నన్ను చూసి వన్స్ మోర్ అనేవాళ్ళు ఎవరూ ఉండరు. వదలకపోతే ఇంట్లో నేనూ, అగ్గిపెట్టే.

తలంటుకుని గుమ్మంలో కూర్చున్నాను. జుట్టు ఇంకా ఆరలేదు. కోటమ్మ కనబడితే జుట్టు మాట తర్వాత, ముందు ఆ నిప్పు మాట చెప్పాలి. అవును, ఇంటి దగ్గర కూడా అడుక్కొచ్చుకుంటాను... అని. విని ఏమంటుందో. కొండమీద మంగలి పిలిచేలోపే ఆమె కనబడితే బాగుండు.