సెలూన్లో చదివిన కాగితం

చిరంజీవి వాగుడుకాయకు,

తాత దీవెనలు. ఇక్కడ నేను క్షేమం, నాన్నమ్మ క్షేమం, నాన్నమ్మ నోరు మరీ క్షేమం. వేళకి తింటున్నానని రాశావు. నమ్మలేదు గానీ సంతోషించాను.

నీ ఉద్యోగం ఏమిటని పక్కింటి టైలరు మళ్లీ అడిగాడు. నోరులేని వాళ్ల తరఫున పత్రికలకి రాసే సంస్థలో అన్నాను. "అయితే మా ఆవిడ మీద నా తరఫున ఒకటి రాయమను బాబాయ్" అన్నాడు.

కళ్లజోడు మార్చావా అన్నావు. మార్చాను. నాన్నమ్మ మరీ స్పష్టంగా కనిపిస్తోంది, అదొక్కటే ఇబ్బంది. దగ్గు సంగతి చివర్లో చెప్తాను. నువ్వు పంపిన ఆ కాగితం ఎవరికైనా చూపించావా అని కూడా అడిగావు. దానికి జవాబు రాద్దామని వారం నుంచి కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

పత్రికలకి ఏది పంపినా ముందు నాకు పంపుతావు కదా, ఐదో క్లాసు తాతకి అర్థమైతే అందరికీ అర్థమవుతుందని. అర్థంకాని మాట కింద పెన్సిల్‌తో గీత గీస్తాను, నువ్వు మారుస్తావు. ఈసారి వచ్చింది నేను ఇరవై రెండేళ్లు మూటలు మోసిన రాతిపొడి మిల్లు గురించి. ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు పాడయ్యాయని ఒకావిడ చెప్పిన మాటలు. పేరు వెయ్యలేదు నువ్వు. ఒక్క గీత కూడా గీయాల్సిన పని పడలేదు.

గర్వం ఆగలేదమ్మా. పత్రికలో రాకముందే సెలూన్‌కి పట్టుకెళ్లి, "మా మనవరాలు రాసింది, వినండ్రా" అని గట్టిగా చదివాను. "ఎడమచేత్తో గోతాలు కుడతాను, కుట్టు కుట్టుకీ దగ్గుతాను" అన్నచోట, కుర్చీలో మొహం నిండా నురగతో ఉన్న మనిషి, "ఇంకోసారి చదువు పెద్దాయనా" అన్నాడు. బాగా నచ్చిందనుకుని మళ్లీ చదివాను. నురగ తుడిచాక చూస్తే మిల్లు మేనేజరు.

అక్కడ ఎడమచేత్తో కుట్టేది ఒక్కతే. మర్నాటి నుంచే ఆమెని పనిలోకి రానివ్వకుండా గేటు బయట నిలబెడుతున్నారు. ఆమె ఎవరో బయటపెట్టింది నువ్వేనా అని మీ ఆఫీసులో నిన్ను నిలదీస్తున్నారని నీ ఉత్తరంలో చదివాక నాకు ముద్ద దిగడం లేదు. కూర బాలేదని నాన్నమ్మతో అబద్ధమాడాను. దానికి పడ్డ తిట్లు వేరే.

నిన్న ఆమె ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని, "ఎలాగూ బయట నిలబెట్టారు తాతగారూ, ఇంక పేరు దాచి ఏం లాభం? వెయ్యమనండి. కానీ నా పేరొక్కటే వెయ్యొద్దనండి" అంది.

ఇక దగ్గు. చుట్ట వల్ల అన్నాను కదా. చుట్ట మానేసి తొమ్మిదేళ్లయింది. లోపలున్నది రాతిపొడి. పని వదిలేసి పరిగెత్తుకొస్తావని నీకు చెప్పలేదు. నాన్నమ్మకి ఇంకా తెలియదు, పత్రికలో వచ్చేలోపు నేనే చెప్తాను, నువ్వు వాగకు. డాక్టరు రాసిచ్చిన చీటీ ఇందులో పెట్టాను. ఆమె పేరు పక్కన నా పేరూ, ఫోటో కూడా వెయ్యి. సోమవారం నుంచి గేటు దగ్గర ఆమె పక్కనే నిలబడతాను. ఎంతసేపు నిలబడగలనో తెలియదు. ఒక కుర్చీ పట్టుకెళ్తాను.

ఈ ఉత్తరం మీ పెద్దసారుకి చూపించు. అర్థంకాని మాట ఉంటే గీత గీసి పంపమను.

ఇట్లు,
మీ ఆఫీసు వెతుకుతున్న మనిషి,
మీ తాత