గోడని నమ్ముకున్న కబోర్డులు

అమ్మా,

మన మేడలో పై కబోర్డుల వెనక ఉండాల్సిన ఇనప పట్టీ ఏ వంటింట్లోనూ లేదు. లేకుండా చేసినవాడు కాంట్రాక్టరు. ఈ మాట ముందు రాయకపోతే నా పెన్ను ముందుకు కదలదు. ఇక పద్ధతి ప్రకారం: నేను, నాన్న, తాతయ్య క్షేమం. తాతయ్యకి దగ్గు తగ్గింది, చాడీలు తగ్గలేదు. అక్క కాలికట్టు విప్పారని, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని నువ్వు రాసింది ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను.

వంటిల్లు ఎలా ఉంది, నీ గాజు సీసాలు భద్రమేనా, నాన్నతో మళ్లీ పోట్లాడావా అని అడిగావు. వంటిల్లు చూడ్డానికి పెళ్లికూతురిలా ఉంది. కబోర్డులు అట్టపెట్టెల్లో పలకలు పలకలుగా వచ్చాయి. ఇంటి ఓనరు మేడంతటికీ ఒకేసారి తెప్పించి, బిగించే పని కాంట్రాక్టరుకి ఇచ్చాడు. కాంట్రాక్టరు దాన్ని తన కింద పనిచేసే నాన్న నెత్తిన పెట్టాడు. మనింటివి మాత్రం నేనూ నాన్నా కలిసి కూర్చాం. ముందు చెక్క మేకులు, తర్వాత స్క్రూలు. అది అసలు చెక్క కాదమ్మా, అదిమిన రంపంపొట్టు. ఒక్క తిప్పు ఎక్కువైతే స్క్రూ చుట్టూ పొడి రాలుతుంది. నేను దేన్నయినా ఒక తిప్పు ఎక్కువే తిప్పుతానని నీకు తెలుసు. "మిరపకాయా, అది నీ శత్రువు కాదే, కబోర్డు" అన్నాడు నాన్న. మూలలకి జిగురు పూసి, లోపల ఇనప మూలకట్లు వేసి, రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన నిలబడింది. నాకెంత గర్వమేసిందో. వాటిని గోడకెక్కించిన రోజు మాత్రం నేను ప్రెస్సులో కరపత్రాలు మడతపెడుతున్నాను. ఇంటికొచ్చేసరికి అన్నీ గోడ మీదున్నాయి.

నీ సీసాలు భద్రం. కానీ టైలరత్తవి మిగల్లేదు.

పోయిన వారం పై అంతస్తులో ఆవిడ కబోర్డు ఊడిపడింది. మనవరాలికి అన్నం తినిపిస్తుంటే బెల్లు మోగిందట. పిల్లని చంకనేసుకుని తలుపు తీయడానికి వెళ్లింది. వెనక చప్పుడు. నేను పరుగెత్తుకెళ్లేసరికి పసిదాని కుర్చీకి నడుం విరిగి ఉంది, దాని మీద కబోర్డు బోర్లా పడి ఉంది. టైలరత్త పిల్లని దించకుండా నిలబడి, నేలంతా గాజుపెంకులు, నువ్వు చెప్పులేసుకున్నావా అని నన్నే అడుగుతోంది. గోడకి రెండే బెజ్జాలు. వేలు పెడితే బూడిదలాంటి పొడి వచ్చింది. స్క్రూలు సిమెంటు పూతలోనే ఆగిపోయాయి, ఇటుక మొహం చూడలేదు.

కాంట్రాక్టరు తీరిగ్గా వచ్చాడు. వచ్చి పెంకులకేసి కూడా చూడలేదు.

"బరువెక్కువ పెట్టారు. అది కబోర్డమ్మా, గోడౌను కాదు."

"మరి గాలి దాచుకోమని ఇచ్చావా నాయనా?" అంది టైలరత్త.

నేను ఊరుకుంటానా? అట్టపెట్టెల్లో వచ్చిన కాగితం తెచ్చి అతని ముక్కు ముందు పెట్టాను. నేను చదివిన కరపత్రాలన్నిటిలోకీ సూటిగా ఉన్నది అదే. ఒక్క మాట లేదు, అన్నీ బొమ్మలే. గోడకి పొడుగ్గా ఇనప పట్టీ, దానికి వరసగా స్క్రూలు, ఆ పట్టీకి కబోర్డు తగిలించిన బొమ్మ. పట్టీలేవని అడిగాను. మన గోడలకి అక్కర్లేదన్నాడు. గోడలకి అక్కర్లేకపోవచ్చు, కింద కూర్చునేవాళ్లకి కావాలన్నాను. కష్టజీవి నెత్తిన పడేదాకా యజమానికి ఏ బరువూ కనపడదని కూడా అన్నాను. అది ప్రెస్సులో అచ్చయిన వాక్యమేలే, ఆ సమయానికి నోటికొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు సాయంత్రం మేడలో వాళ్లందర్నీ మన వంటింట్లోకి పిలిచాను, కాంట్రాక్టర్ని కూడా. పట్టీ లేని కబోర్డు చేత్తో లాగితే ఎలా కదులుతుందో అందరి కళ్లకీ చూపిస్తానన్నాను. నీ సీసాలు ముందే దించి తాతయ్య మంచం కిందకి చేర్చాను. ఒక చేత్తో లాగాను, కదల్లేదు. రెండు చేతులతో లాగాను. చివరికి పిచ్చిదానిలా కాళ్లు పైకి మడిచి దానికి వేలాడాను. కబోర్డు కిక్కురుమనలేదు. ఎవరో నవ్వారు. కాంట్రాక్టరు నవ్వలేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది. నెమ్మదిగా అందరి వైపూ తిరిగి, "చూశారుగా. పద్ధతిగా వాడుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది" అన్నాడు.

అందరూ వెళ్లిపోయారు. ఆ మాట నమ్మి, ముందురోజు భయపడి దించుకున్న సామానంతా మళ్లీ పైకెక్కించుకున్నారమ్మా. మెట్ల మీద నుంచుంటే ఇంటింటా గిన్నెల చప్పుడు వినపడింది. వాళ్లకి ఆ ధైర్యం ఇచ్చింది నేను.

టైలరత్త ఒక్కతే ఉండిపోయింది. కబోర్డు కిందకి వంగి, బట్ట అంచు చూసినట్టు గోడ వెంట వేలు పోనిచ్చి ఒకచోట ఆపింది. నేనూ వంగి చూశాను. కబోర్డు అడుగున, గోడని ఆనుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి గట్టి చెక్క బద్ద. దానికి గోడ రంగే వేసి ఉంది. పక్కనే నిలబడితే కనపడదు. స్క్రూలు ఇటుకలోకి దిగిపోయి ఉన్నాయి. టైలరత్త నిటారుగా లేచి, "మీ నాన్న ఎప్పుడొస్తాడే?" అని అడిగి వెళ్లిపోయింది.

అమ్మా, ఇది నీకు రాయాలా వద్దా అని రోజంతా కొట్టుమిట్టాడాను. ఆ కబోర్డులన్నీ వేలాడదీసింది నాన్న. అది సరిపోదని ఆయనకి తెలుసు. తెలిసి మనింటికి మాత్రం బద్ద వేసుకున్నాడు. నేను అప్పటికప్పుడు మెట్లెక్కి, సామాను దించేయండి, మాది ఆగింది వేరే కారణం వల్ల అని అరవాల్సింది. కాంట్రాక్టరు మీదైతే గొంతు చించుకున్నదాన్ని, నాన్న పేరు వచ్చేసరికి నా నోటికి తాళం పడింది.

ఆయన వచ్చి చేతులు కడుక్కుంటుంటే అడిగాను. తుడుచుకోకుండానే పీట మీద కూర్చున్నాడు.

"పట్టీలు అడిగాను. రేపొస్తాయన్నాడు. రేపు రాకముందే ఇళ్లు అయిపోయాయి."

"మనింటికి బద్ద వేశావుగా."

"మీ తాతయ్య దాని కిందే కూర్చుని టీ తాగుతాడే."

"పైనింట్లో పసిది కూర్చుంటుంది నాన్నా."

పని పోతే నువ్వు అక్క దగ్గర ఇంకో నెల కూడా ఉండలేవని, మందులెవరు కొంటారని గొణిగాడు. "అందరికీ నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను. చేయెత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. లేచి, తడి చేతులతోనే మెట్లెక్కాడు. నేను వెనకే వెళ్లాను. ప్రతి గుమ్మం ముందూ అదే మాట: "సామాను దించేయండి. బిగించింది నేనే, నాకే నమ్మకం లేదు. మా ఇంటికి కింద బద్ద వేసుకున్నాను, మీకు వేయలేదు."

ఒకాయన మొహం మీదే తలుపేశాడు. ఒకావిడ నాన్నని అన్న మాటలు నీకు రాయను. టైలరత్త మాత్రం ఆయన చెప్పేది చివరిదాకా విని, "చెప్పడం అయింది. వేయడమెప్పుడు?" అంది.

అదమ్మా సంగతి. నాన్నతో పోట్లాడావా అని అడిగావుగా, పోట్లాడాను, ఇంకా మాట్లాడ్డం లేదు. ఆయన చేసింది తప్పే, కానీ గుమ్మం గుమ్మానికీ వెళ్లి ఒప్పుకోవడం మా ప్రెస్సులో ఏ కరపత్రంలోనూ నేను చదవని పని. ఈ రెండూ నా తలలో ఒకచోట ఇమడటం లేదు. కాంట్రాక్టరు పొద్దున్నే కబురు పంపాడు: నాన్న ఇక పనిలోకి రానక్కర్లేదు, ఎవరైనా కబోర్డుల మీద చెయ్యేస్తే ఓనరుతో చెప్పి ఇల్లు ఖాళీ చేయిస్తాడు. సగం మంది అప్పుడే వెనక్కి తగ్గారు. ఉన్నదాంతో సర్దుకుందాం అంటున్నారు. మిగతావాళ్ల కోసం నాన్న బద్దలు కోస్తున్నాడు, నేను గరుకు కాగితంతో రుద్దుతున్నాను, ఇద్దరం ఎడమొహం పెడమొహంగా.

బద్దలు వేయడం ఒక ఇంటితో మొదలుపెడితే ఆ ఇంటివాళ్లని బయటికి గెంటుతారు. అన్ని ఇళ్లలో ఒకేసారి మొదలుపెడితే ఎవర్ని గెంటుతారు? అందుకే ఒకే రోజు, ఒకే గంటకి. నువ్వు చెబితే వెనక్కి తగ్గినవాళ్లు కూడా వింటారు. నేను చెబితే అరుపు, నువ్వు చెబితే మాట. అక్కకి ఆ ఒక్క పూట పక్కింటివాళ్లని తోడుంచి రా.

వచ్చే ఆదివారం, ఉదయం ఏడు గంటలకి, కింది మెట్ల దగ్గర. ఖాళీ కబోర్డు ఉన్న ప్రతి ఇంటి నుంచీ ఒకరు రావాలి. మనింటి నుంచి నలుగురం.

ఇట్లు,
కోపం తగ్గని, నీకోసం ఎదురుచూసే
నీ చిన్న కూతురు